కవరు తీసిన మొక్కలు

వదిన చేతికి వచ్చిన వస్తువేదీ వచ్చినట్టు పక్కకు పోదు. సీసా వస్తే మూత తీస్తుంది, మెడకున్న ఉంగరం తెంపుతుంది, ఒంటికంటిన కాగితం గోటితో గీకుతుంది, అప్పుడు గానీ దాన్ని సీసాల గంపలోకి వదలదు. పాల ప్యాకెట్ వస్తే కత్తిరించిన ఆ చిటికెడు మూల ఎక్కడ పడిందోనని బల్లంతా వెతుకుతుంది. షెడ్డులో మిగతా ఆడవాళ్ళకు ఇదో వేడుక. మనం గానీ ఈవిడ బల్ల మీద పడ్డామా, గోళ్ళు ఒక గంపలో, వెంట్రుకలు ఒక గంపలో వేసి, నోరు మాత్రం తడిచెత్తలో పారేస్తుందని పెద్దామె అంటుంది. పెద్దామె షెడ్డు కట్టిన నాటి నుంచీ అక్కడే ఉంది. మున్సిపాలిటీలో ఎన్ని పథకాలు పుట్టాయో ఎన్ని పోయాయో ఆవిడకు తెలుసు. అందుకే ఏ పథకం వచ్చినా ఆవిడ చేతులు తొందరపడవు.

మేస్త్రీ ఆ మాటలు వింటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వార్డులో చెత్త సేకరించే బళ్ళు, ఈ వేరుచేసే షెడ్డు, వీధులు ఊడ్చేవాళ్ళు అందరూ అతని కిందికే వస్తారు. వదిన అంటే అతని అన్న భార్య. అన్న పోయాక అతనే ఆవిడను ఇక్కడ తాత్కాలికంగా పెట్టించాడు. మొదటిరోజు చేతితొడుగులు ఇచ్చి పనేమిటో వివరిస్తూ, "మట్టిలోకి మాత్రం ప్లాస్టిక్ ముక్క పోకూడదు వదినా, మిగతాదంతా సర్దుకోవచ్చు," అన్నాడు. ఆ ముక్క అతను ఏదో శిక్షణ తరగతిలో సగం నిద్రలో విన్నది. మేస్త్రీ అన్నాక కొత్తవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాడు. ఆవిడ దాన్ని నెత్తిన పెట్టుకుంది.

ఇప్పుడా తాత్కాలికం అన్న మాట తీసేసే రోజు దగ్గరికొచ్చింది. పై నుంచి తనిఖీ బృందం వస్తోంది. చెత్తను వేరుచేయడం, వీధుల్లో చెట్లు పెంచడం అనే రెండు పథకాలనూ కలిపి ఒకేసారి చూస్తారట. వార్డు బాగుందనిపించుకుంటే షెడ్డులో తాత్కాలికంగా ఉన్నవాళ్ళను పర్మినెంట్ చేస్తారు, వంతు ప్రకారం కార్మికుల క్వార్టర్స్‌లో గది ఇస్తారు. ఖాళీగా ఉన్నది ఒకే గది, వంతు వదినది. ఆవిడ వెళ్ళి కిటికీలోంచి చూసి కూడా వచ్చింది. కొళాయి లోపలే ఉందట. పొయ్యి గట్టు కాస్త ఎత్తు ఎక్కువట, పీట వేసుకుంటే సరిపోతుందట. తలుపుకు లోపలి వైపు గడియ ఉందట. ఈ చివరి మాట ఆవిడ రెండుసార్లు చెప్పింది.

గడియ ఎందుకంత గొప్పో మేస్త్రీకి తెలుసు. వాళ్ళింట్లో ముందు గదికి అడ్డంగా బట్టల బీరువా నిలబెట్టి, దాని వెనక వదినకు చోటు చేశారు. బీరువా తలుపులు భార్య వైపు తెరుచుకుంటాయి, వీపు వదిన వైపు. ఆవిడ బట్టలు మార్చుకోవాలంటే ముందు ఒకసారి దగ్గాలి. భార్య చెడ్డ మనిషి కాదు గానీ ఇల్లు ఇరుకు, ఆవిడ నోరు విశాలం. బీరువా మళ్ళీ గోడకు ఎప్పుడు చేరుతుందోనని పొద్దునా సాయంత్రం ఆరా తీస్తోంది. అక్క గది ఏమైందని ఆవిడ అడగడంలో అక్క మీద ప్రేమ ఎంతో, గోడ మీద ప్రేమ ఎంతో మేస్త్రీకి తేల్చుకోవడం చేతకాలేదు. చెత్తను వేరుచేసినంత సులువు కాదు ఆ పని.

తోటల విభాగం అధికారిని అందరూ కుండీల సారు అంటారు. ఊళ్ళో చెట్ల సంగతి ఎలా ఉన్నా ఆయన గదిలో కుండీలు మాత్రం కళకళలాడుతుంటాయి. తనిఖీకి ముందురోజు పొద్దున్నే ఆయన మేస్త్రీని పిలిపించాడు. లారీలో మొక్కలు వస్తున్నాయన్నాడు. షెడ్డు ముందు వీధి పొడవునా గుంటలు తీసి ఉన్నాయి, సాయంత్రానికి అన్నిట్లో మొక్కలు నిలబడాలన్నాడు. ఎల్లుండి తనిఖీ పక్క వార్డులో అన్నాడు. తర్వాత ఒక కుండీలోంచి పండుటాకు తుంచుతూ, తల ఎత్తకుండా, "కవరుతోనే," అన్నాడు.

అంతకన్నా ఎవరూ ఎప్పుడూ చెప్పరు. నర్సరీ నుంచి మొక్క నల్లటి ప్లాస్టిక్ కవరులో వస్తుంది. కవరు చీల్చి, వేళ్ళు పట్టుకున్న మట్టిముద్దను గుంటలో దించి, మట్టి కప్పితే అది నాటడం. కవరుతో సహా దించి పైన మట్టి కప్పితే, చూసేవాళ్ళకు అదీ నాటడమే. తేడా ఏమిటంటే, చూసేవాళ్ళు కారెక్కి వెళ్ళిపోయాక ఆ మొక్కను కవరు అంచు పట్టుకుని పైకి లాగి, లారీలో వేసి, ఇంకో వీధికి తీసుకుపోవచ్చు. ఒక్క లారీ మొక్కలతో ఊరంతా పచ్చగా కనిపిస్తుంది. ఆ మొక్కలు తిరిగినన్ని వీధులు ఉత్తరాలు పంచే మనిషి కూడా తిరగడు. మేస్త్రీ ఈ పని ఇంతకుముందూ చేయించాడు. అప్పుడు వదిన షెడ్డులో లేదు.

ఈసారి రెండు పథకాలూ ఒకటే కాబట్టి, తడిచెత్తతో చేసిన ఎరువు షెడ్డుదే కాబట్టి, మొక్కలు పెట్టే పని కూడా షెడ్డు ఆడవాళ్ళకే పడింది. పెద్దామెను వేరుచేసిన ప్లాస్టిక్‌ను బేళ్ళుగా, అంటే పెద్ద మూటలుగా, కట్టే పనిలో ఉంచి, వదినకు కొత్తగా చేరిన ఇద్దరిని తోడిచ్చి వీధిలోకి పంపాడు మేస్త్రీ. పెద్దామెను పంపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు, ఆవిడకు అంతా తెలుసు. కానీ ఆవిడ నోరు ఊరుకోదు. పూడ్చుతూ పూడ్చుతూనే వీధివాళ్ళందరికీ వినపడేలా ఏదో ఒకటి అంటుంది. వదినయితే నెమ్మది, పని శుభ్రం. ఆవిడ చెవిలో ఒక్క మాట వేస్తే చాలనుకున్నాడు.

ఆ ఒక్క మాటే వేయలేకపోయాడు. అతను వెళ్ళేసరికి వదిన గుంట అంచున గొంతుక్కూర్చుని, ఎరువు పెళ్ళలను పిడికిట్లో చిదిమి లోపల పరుస్తోంది. మధ్యలో దారం లాంటిదేదో వేలికి తగిలితే ఆగి, బయటికి లాగి, వెలుగులో పట్టి చూసింది. ప్లాస్టిక్ పోగు. దాన్ని యూనిఫాం కోటు జేబులో వేసుకుంది.

"చూశావా మరిదీ, ఎంత జల్లించినా ఒకటి వచ్చేస్తుంది," అని తప్పంతా తనదైనట్టు నవ్వింది.

మేస్త్రీ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ముక్క పోకూడదని చెప్పిన నోటితోనే కవరంతా పూడ్చమని ఎలా అంటాడు? ఇంకొకరితోనైతే ముఖం పక్కకు తిప్పుకుని అనేసేవాడు. ఈవిడ ఎదురు చెప్పదు. సరే అంటుంది, అని ఒకసారి చూస్తుంది. ఆ చూపుతో అతను ఒకే ఇంట్లో బతకాలి. తల గోక్కున్నాడు. గుంటలు బాగా తీశారన్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఇంతలో ఫోను మోగింది. మొక్కల చుట్టూ పెట్టే ఇనప కంచెలు గోడౌన్‌లో ఉన్నాయి, వచ్చి తీసుకుపొమ్మని. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"నేను వెళ్ళొస్తా వదినా, మీరు గుంటల్లో పెట్టేస్తూ ఉండండి," అన్నాడు. వచ్చాక చెప్పొచ్చు, ఈలోగా ఎన్ని పెడతారులే అనుకున్నాడు.

గోడౌన్‌ తాళాలు ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడు. మేస్త్రీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. అతను ఎక్కడ తింటాడో ఎవరినైనా అడిగి పిలుచుకు రావచ్చు. మామూలుగా అయితే అదే చేసేవాడు, పైగా నాలుగు కేకలు కూడా వేసేవాడు. ఆవేళ మాత్రం ఎండలో కాళ్ళు చాపుకుని, ఎప్పుడూ లేనంత ఓర్పుగా కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి వీధికి రెండు వైపులా మొక్కలు నిలబడి ఉన్నాయి. గుండ్రటి పాదుల్లో నీళ్ళు ఇంకుతున్నాయి, ఒక్కొక్క మొక్కకూ కర్ర ఊత కట్టి ఉంది. చూడముచ్చటగా ఉంది వీధి. వదిన షెడ్డు కొళాయి దగ్గర నల్లటి కవర్లు కడిగి, ఒకదాని మీద ఒకటి పరిచి కట్ట కడుతోంది.

కవర్లన్నీ తీసేశారా అని అడిగాడు. ఒక్కటీ ఉంచలేదంది వదిన. మట్టిముద్ద చెదరకుండా బ్లేడుతో నిలువుగా చీల్చి తీశామంది, కొత్తవాళ్ళు కూడా పని తొందరగా పట్టుకున్నారంది. ఆవిడ ముఖంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు ఉంది. బాగుందన్నాడు మేస్త్రీ. ఇంకేమంటాడు? కుండీల సారుకు అప్పటికప్పుడు ఫోను చేసి, నేను చెప్పడం మరిచిపోయాను సార్ అనొచ్చు. ఫోను తీశాడు కూడా. రేపటి తనిఖీ గడవనీ, ఎల్లుండి సంగతి ఎల్లుండి చూసుకోవచ్చు అనుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

తనిఖీకి వచ్చినవాళ్ళలో పెద్ద, జుట్టు నెరిసిన ఒక మేడమ్. మిగతావాళ్ళు ఫొటోలకు నిలబడుతుంటే ఆవిడ నేరుగా వదిన బల్ల దగ్గరికి వెళ్ళి, మూత కింది ఉంగరం ఎందుకు తీస్తున్నారని అడిగింది. సీసా ఒక రకం, ఉంగరం ఒక రకం, రెండూ కలిపి కరిగిస్తే దేనికీ పనికిరాదని బేళ్ళు కొనేవాళ్ళు చెప్పారమ్మా అంది వదిన. మేడమ్ తల ఊపింది. తర్వాత వీధిలో మొక్కల వరస వెంట చివరిదాకా నడిచి, ఒకటి రెండు ఆకులు తాకి, బాగుందని కారెక్కింది.

కుండీల సారు మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు. అంతటి మనిషి చెయ్యి తన భుజం మీద పడటం మేస్త్రీ ఎరగడు. గది ఈమెకేనా అని సారు వదిన వైపు చూసి, ఖాయం అనుకోమన్నాడు. షెడ్డులో టీలు తెప్పించుకున్నారు. గది తాళం చేతికొచ్చాక మమ్మల్ని లోపలికి రానిస్తావా, లేక మమ్మల్ని కూడా గుమ్మంలో తడీ పొడీ వేరుచేస్తావా అని పెద్దామె ఏడిపించింది. వదిన నవ్వింది. పీట ఒకటి చూసి పెట్టుకున్నానని, పాతదే గానీ కాళ్ళు గట్టిగా ఉన్నాయని చెప్పింది. మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని వీధి మలుపు వైపు చూస్తున్నాడు. లారీ అటునుంచే రావాలి.

భోజనాల వేళ దాటాక వచ్చింది. లారీవాళ్ళకు ఇది అలవాటైన పని. ఒకడు ఊతకర్ర పీకాడు, ఇంకొకడు మట్టి పక్కకు తోసి కవరు అంచు కోసం వేళ్ళు దించాడు. అంచు తగల్లేదు. ఇంకొంచెం తవ్వాడు. చివరికి విసుగొచ్చి మొక్క మొదలు పట్టుకుని గుంజాడు. తడిమట్టి జారిపోయింది, సన్నటి వేళ్ళు పటపటా తెగాయి, మొక్క ఒట్టి కాడలా చేతిలోకి వచ్చింది.

వదిన షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి, తొడుగున్న చేత్తోనే అతని మణికట్టు పట్టుకుంది. నిన్ననే కదా నాటాం, ఏం పని ఇది అని అడిగింది. లారీ మనిషి మేస్త్రీ వంక చూశాడు. వదినా అటే చూసింది. మేస్త్రీ ఇనప కంచె ఒకటి సరిచేస్తున్నట్టు వంగాడు. కవరెందుకు లేదు, ఎవడు తీయమన్నాడు, రేపు పక్క వార్డులో ఏం పెట్టాలని లారీవాళ్ళు తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు వింటూ వింటూ వదిన ఆ చెయ్యి నెమ్మదిగా వదిలేసింది. ఆవిడకు విడమర్చి చెప్పాల్సినదేమీ మిగల్లేదు.

కబురందుకుని కుండీల సారు వచ్చాడు. పొద్దున భుజం మీద పడిన చెయ్యి ఇప్పుడు నడుం మీద ఉంది. రేపు ఈ చీపురుపుల్లలు పాతాలా అని రంకెలు వేశాడు. కవర్లు తీసిందెవరని అడిగాడు. నేనేనంది వదిన.

"కవరు ఉంచమని మేస్త్రీ చెప్పలేదా నీకు?"

వదిన మేస్త్రీ వైపు తిరిగి నిలబడింది. కొత్తవాళ్ళిద్దరూ, లారీవాళ్ళూ, గుమ్మంలో పెద్దామె, అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. లేదు సార్, నేను చెప్పలేదు. నాలుగు మాటలు. నాలుగూ అతని నాలుక మీద వరసగానే ఉన్నాయి. వాటి వెనకే ఇన్నేళ్ళ ఉద్యోగం, రేపో మాపో రావలసిన పై మెట్టు, ఇంట్లో భార్య ముఖం అన్నీ వచ్చి గొంతుకు అడ్డం కూర్చున్నాయి. వదిన ఎదురుచూసింది, చాలాసేపే ఎదురుచూసింది.

"చెప్పాడు సార్," అంది చివరికి. "నేనే వినలేదు."

రేపటి నుంచి రావద్దన్నాడు కుండీల సారు. గది సంగతి ఎవరూ ఎత్తలేదు. లారీవాళ్ళు మిగిలిన మొక్కల్ని ఈసారి కాస్త జాగ్రత్తగా, పారతో మొదలంటా తవ్వి తీశారు. అయినా ఏ ఒక్కదానికీ మట్టి నిలవలేదు. తడి గోనెలు చుట్టి లారీలో పడుకోబెట్టారు. ఆవిడ ఏ ఒక్కదాని వంకా చూడకుండా లోపలికి వెళ్ళి, సగంలో వదిలేసిన బల్ల మీది చెత్తను చివరిదాకా వేరుచేసి, అప్పుడు తొడుగులు విప్పింది.

ఇంట్లో సంగతి తెలిశాక మేస్త్రీ భార్య ముందు వదినను తిట్టింది, తర్వాత మున్సిపాలిటీని తిట్టింది, ఆ తర్వాత బీరువా తలుపు గట్టిగా వేసింది. అంత పని చేసిపెట్టే మనిషి అంత తెలివితక్కువగా ఎలా చేస్తుంది, చెప్పిన మాట వినడానికి ఏమొచ్చింది అంది. భార్య పక్కింటికి వెళ్ళాక మేస్త్రీ వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. వదిన కూరగాయలు తరుగుతోంది. యూనిఫాం కోటు అప్పటికే ఉతికి కిటికీకి ఆరేసింది, షెడ్డుకు తిరిగివ్వాలి కదా.

"ఎందుకలా అన్నావు వదినా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడతావేమోనని ఆగాను. మాట్లాడలేదు," అంది వదిన, కత్తి ఆపకుండా. "ఇద్దరి పనీ పోతే ఈ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?"

కోపంగా అని ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. ఆవిడ కోపంగా అనలేదు. ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు అంది. మేస్త్రీకి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఆ ఇంట్లో విడిగా చోటు లేదు. రేపు సారుతో మాట్లాడతానన్నాడు. వదిన తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, పక్కకు జరగమంది, నీళ్ళు పట్టాలట.

మర్నాడు పక్క వార్డుకు అతన్నీ రమ్మన్నారు. తెగిన వేళ్ళ మొక్కల్ని గుంటల్లో నిలబెట్టి, చుట్టూ మట్టి గట్టిగా తొక్కి, ఊతకర్రలకు బిగించి కట్టారు. ఆకులు అప్పటికే వాలుతున్నాయి. బకెట్లతో నీళ్ళు చల్లితే కాసేపు మెరిశాయి. మేడమ్ వచ్చింది. ఈసారి ఆకులు తాకలేదు. ఒక మొక్క పక్కన కూర్చుని, వేళ్ళతో దాని మొదట్లో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. కుండీల సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ ఇంకో మొక్క దగ్గరికి వెళ్ళి అక్కడా తవ్వింది, రోడ్డు దాటి అవతలి వైపు మరొకటి తవ్వింది. చివరికి లేచి చేతులు దులుపుకుంది. పోయినసారి వెళ్ళిన ఊళ్ళో ప్రతి మొక్కా కవరుతోనే పాతి ఉందనీ, అప్పటినుంచీ మధ్యమధ్య ఇలా చెప్పకుండా తవ్వి చూస్తున్నాననీ చెప్పింది. ఇక్కడ ఒక్కటి కూడా అలా లేదంది. మీవాళ్ళకు ఇది నేర్పిందెవరని అడిగింది.

కుండీల సారుకు ఊపిరొచ్చింది, ఊపిరితోపాటే మాట కూడా వచ్చింది. "మా పద్ధతే అది మేడమ్. మట్టిలోకి ప్లాస్టిక్ ముక్క పోనివ్వం," అన్నాడు. మేస్త్రీని రెక్క పట్టుకుని ముందుకు లాగి, అందరికీ నేర్పేది ఇతనేనన్నాడు. మేడమ్ మేస్త్రీతో చెయ్యి కలిపింది. ఆవిడ వేళ్ళకు ఇంకా మట్టి ఉంది. ఫొటో తీశారు. ఆ ఫొటోలో మేస్త్రీ నవ్వుతున్నాడు. నవ్వమని ఎవరూ చెప్పలేదు, ముఖం దానంతటదే నవ్వేసింది.

అయితే లోపల అతనికి వేరే సంతోషం కూడా ఉంది. ఇంక అడ్డేముంది? తప్పన్న పనే గొప్పదైపోయింది. వదినను తిరిగి పిలవాలి, పిలిచి తీరాలి. కార్లు కదలగానే కుండీల సారు వెంట పడ్డాడు. ఆఫీసు మెట్ల మీద, గది గుమ్మంలో, కుండీల మధ్య వదలకుండా అడిగాడు. ఆవిడ చేసిన పనికే కదా సార్ మనకు పేరొచ్చింది అన్నాడు. తన గొంతు అంత గట్టిగా ఉండటం అతనికే వింతగా తోచింది.

"అది నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు సారు, విసుక్కోకుండానే. "మొక్కలు పాడుచేసిందని తీసేశాం, ఆ సంగతి నిన్ననే పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పాడుచెయ్యలేదంటే మరి ఆ వీధిలో మొక్కలేవీ అంటారు. ఏం చెప్తావు? పక్క వార్డు చూసొద్దామని నడిచి వెళ్ళాయని చెప్తావా?"

మేస్త్రీ గొంతు మళ్ళీ మామూలు గొంతు అయిపోయింది. సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇకనుంచి అన్ని వార్డుల్లోనూ కవర్లు తీసే పాతించమన్నాడు. ఆ మేడమ్ మళ్ళీ వస్తుంది, మళ్ళీ తవ్వుతుంది. పైగా మట్టి లేకపోతే మొక్క తేలిక, లారీలో రెట్టింపు పడతాయి. ఎండితే ఎండుతాయి, నర్సరీలో మొక్కలకేం కరువు? మీ షెడ్డులో ఖాళీ ఎలాగూ ఉంది, నీ మనిషినే ఎవరినైనా చెప్పు, పెట్టుకుందాం అన్నాడు. ఇది ఆయన మంచితనం. దాన్ని కాదనలేక మేస్త్రీ తల ఊపి వచ్చేశాడు.

ఖాళీ సంగతి ఇంట్లో చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ పెద్దామె కూతురు వచ్చి అతని భార్యకు ముందే చెప్పేసింది. ఎవరో పోయేబదులు మా చెల్లెలు పోతుంది, ఊళ్ళో ఖాళీగా ఉందిగా అంది భార్య. వదిన ఏమనుకుంటుందోనని మేస్త్రీ నసిగాడు. అక్కకు నేను చెప్తానంటూ భార్య అప్పటికప్పుడే వంటింట్లోకి వెళ్ళింది. మంచిదే అంది వదిన, అంతే.

మరదలు సంచీతో దిగింది. బీరువా గోడకు చేరలేదు సరికదా, దాని వెనక ఇప్పుడు ఇద్దరయ్యారు. వంటిల్లు ఎవరూ చెప్పకుండానే వదిన మీదికి జారిపోయింది. పొద్దున లేవగానే అందరికంటే ముందు గిన్నెల చప్పుడు ఆవిడదే, అందరూ పడుకున్నాక ఆగే చప్పుడూ ఆవిడదే. ఎవరూ ఆవిడను మాట అనలేదు. మేస్త్రీ భార్య కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడుతోంది, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు. వదినకు అది తిట్టుకన్నా కష్టంగా ఉందని మేస్త్రీకి తెలుస్తూనే ఉంది. తెలిసి ఏం చేశాడంటే ఏమీ చేయలేదు. షెడ్డు ముందు వీధిలో గుంటలు అలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వదిన చిదిమి పరిచిన ఎరువు మీద వీధివాళ్ళు చెత్త పోయడం మొదలుపెట్టారు. తడీ పొడీ కలిపే పోస్తున్నారు. పక్క వార్డులో మొక్కలు ఊతకర్రల కంటే సన్నగా ఎండిపోయాయి.

మరదలికి పని నేర్పింది వదినే. తొడుగు వేలి చివర చిరిగితే ఎలా మడిచి కట్టుకోవాలో, గాజుపెంకు ఉన్న సంచీని బరువుతోనే ఎలా కనిపెట్టాలో, మధ్యాహ్నం నడుం పట్టేస్తే బల్లకు ఏ వైపు నిలబడాలో చెప్పేది. ఆ మాటలు మేస్త్రీకి బీరువా ఇవతల నుంచి వినిపించేవి. ఒక సాయంత్రం మాత్రం గొంతులు బాగా తగ్గాయి. వదిన ఏదో చెప్తోంది, మరదలు మళ్ళీ అడుగుతోంది, వదిన మళ్ళీ చెప్తోంది. అతనికి ఒక్క ముక్కా అందలేదు. వెళ్ళి అడిగే ముఖమూ లేదు.

ఇంకో వార్డులో నాటే రోజొచ్చింది. కొత్త లారీ నిండా కొత్త మొక్కలు దిగాయి. నేర్పేవాడు తనే కాబట్టి మేస్త్రీ షెడ్డు ఆడవాళ్ళందరినీ, పెద్దామెతో సహా, వెంటబెట్టుకుని వెళ్ళాడు. కవరు ఎలా చీల్చాలో చూపించబోతే మట్టిముద్ద రెండు చెక్కలై అతని చెప్పుల మీద పడింది. పెద్దామె పక్కకు తిరిగి నవ్వుకుంది. సరే, మీ మీ చేతులకు వచ్చినట్టు చెయ్యండని అతను మొక్కలు పంచాడు. అందరూ గుంటల దగ్గరికి వెళ్ళారు. మరదలు మాత్రం మొక్కను చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"బావా, కవరు తియ్యాలా, ఉంచాలా?"

వీధి మధ్యలోంచి, అందరికీ వినపడేలా అడిగింది. తియ్యాలన్నాడు మేస్త్రీ.

"తీసి నాటాక మళ్ళీ పీకుతారా?"

చుట్టూ చేతులు ఆగాయి. ఇలాంటివి అడగమని ఎవరు చెప్పారన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి.

"మీ వదిన చెప్పింది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు నలుగురిలో నిన్ను అడగమంది. నువ్వు నోటితో చెప్పేదాకా చెయ్యి కదపొద్దంది," అంది మరదలు. ఆ పిల్లకు అందులో తప్పేమీ కనపడలేదు. పెద్దవాళ్ళు చెప్పినట్టే చేస్తోంది, జవాబు కోసం నిలబడింది.

మేస్త్రీ జేబులో ఫోను వైపు చూశాడు. అది మోగలేదు. సరిచేయడానికి దగ్గరలో ఏ కంచే లేదు. ఆడవాళ్ళందరూ గుంటల దగ్గర నుంచి తలలు ఎత్తి చూస్తున్నారు.

"పీకుతాం," అన్నాడు. "రేపు సాయంత్రం లారీ వస్తుంది."

ఏమీ కాలేదు. మరదలు సరే అని బ్లేడు అందుకుంది. కొత్తవాళ్ళలో ఒకామె, అయితే లోతుగా పూడ్చనక్కర్లేదు కదా అని అడిగి, తనే తల ఊపుకుంది. పెద్దామె పార మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వీధి పొడవునా కవర్లు చీలుతున్న చప్పుడు మొదలైంది. మేస్త్రీ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆ మాట అనడానికి గుటక వేసినంత సేపు కూడా పట్టలేదు. ఆవేళ వదినతో అనడానికీ అంతే పట్టేది. ఆవిడ కూడా సరే అనే ఉండేది.